సువార్త దిగిన రేవు

ప్రత్తిపాడు, పెదనందిపాడు ప్రాంతాల సంఘాల్లో ఏడాదికి ఒకసారైనా ప్రయాణం కట్టడం ఆనవాయితీ. మిరప కోతలు ముగిసి, కల్లాల్లో కాయలు ఎండి, టిక్కీలు గుంటూరు యార్డుకు చేరాక యౌవనస్థులు ముందుగా ఆ మాట ఎత్తుతారు. సముద్రమే చూడాలంటే బాపట్ల పక్కన సూర్యలంక ఉంది. కతోలిక కుటుంబాలైతే ఫిబ్రవరిలో గుణదల కొండకు, చేతిలో నాలుగు డబ్బులుంటే వేళాంగణికి వెళతాయి. బందరు పేరు మాత్రం ఎవరి నోటా రాదు. రావాలి. పడవలు లేని రేవు, కూలిన కోట, ఎండలో నిలబడలేని శ్మశానం తప్ప అక్కడేముందని అడిగేవారికి జవాబు ఉంది. కృష్ణా తీరాన ప్రొటెస్టెంటు సువార్త పరిచర్య మొదలైన ఊరు అది. మన పత్తికీ, మన విశ్వాసానికీ కూడా ఆ ఊరితో చుట్టరికం ఉంది.

ముందు పత్తి సంగతి. మచిలీపట్నం గోల్కొండ సుల్తానులకు పెద్ద రేవు. 17వ శతాబ్దం మొదట్లోనే డచ్చివారు అక్కడ వర్తకశాల పెట్టారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడలో ఇంగ్లిషువారు వచ్చారు. ఆ ఓడ బందరుకే కాదు, రేపల్లె దాపున ఉన్న నిజాంపట్నానికీ వచ్చింది. వాళ్లు వచ్చింది ప్రధానంగా బట్టకోసం. నల్లరేగడిలో పండిన పత్తిని ఊరూరా వడికి, నేసి, చిరివేరుతో ఎర్రగా అద్దకం వేసిన బట్టలు పారశీకానికి, తూర్పు దీవులకు, ఐరోపాకు వెళ్లాయి. ఇప్పుడు మనం కలంకారీ అంటున్న అద్దకం అదే. బందరు పక్కన పెడనలో నేటికీ చెక్క అచ్చులతో వేస్తున్నారు. ఊరి పేరులోనే పత్తి ఉన్నవాళ్లం కదా, ఒక అరగంట అక్కడ ఆగితే నష్టమేమీ లేదు. ఇక మిరప సంగతంటారా, అది మన పంటే కాదు. పోర్చుగీసువారి ఓడల్లో సముద్రం దాటి వచ్చి మన చేలల్లో స్థిరపడింది. సముద్రానికి మనం ఇచ్చినదీ, సముద్రం మనకిచ్చినదీ రెండూ ఒకే పొలంలో పక్కపక్కనే పండుతున్నాయి.

ప్రత్తిపాడు నుంచి విజయవాడ మీదుగా వెళ్లొచ్చు. పెద్ద రోడ్డు, తొందరగా చేరతారు. నన్నడిగితే తెనాలి దారి మంచిది. గుంటూరు, తెనాలి, భట్టిప్రోలు, రేపల్లె, పెనుమూడి, అక్కడ కృష్ణ దాటి పులిగడ్డ, అవనిగడ్డ, చల్లపల్లి, బందరు. 130 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దారిలో చేలు మారిపోతుంటే చూడటమే ఒక పాఠం. పత్తి, మిరప పోయి వరి వస్తుంది. పసుపు, అరటి వస్తాయి. నేల నలుపు తగ్గి ఒండ్రు వస్తుంది. భట్టిప్రోలులో క్రీస్తుకు పూర్వపు బౌద్ధ స్తూపం ఉంది. అక్కడి ధాతు కరండాల మీది అక్షరాలు మన లిపి పుట్టుకను గురించి మాట్లాడే ప్రతివారూ ఎత్తే సంగతి. మనది కాని విశ్వాసమని ముఖం తిప్పుకోనక్కరలేదు, దిగి చూడొచ్చు.

పెనుమూడి దగ్గర వెనకటి రోజుల్లో పంటు మీద కృష్ణ దాటేవారు. వంతెన వచ్చాక ఆ నిరీక్షణ పోయింది. వంతెన దిగితే దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన ముంచేసిన నేల ఇది. ప్రభుత్వ లెక్క ప్రకారమే పదివేల మంది దాకా చనిపోయారు. అంతకంటే ఎక్కువేనని ఇక్కడివారు అంటారు. ఆ రోజుల్లో మదర్ థెరిసా కూడా ఈ ఊళ్లకు వచ్చారు. ఆ రోజులు గుర్తున్న పెద్దలెవరైనా బండిలో ఉంటే ఇక్కడ కాసేపు మాటలు ఆగుతాయి. ఆగనివ్వండి. బందరులో చూడబోయేదానికి ఆ మౌనం అవసరం.

బందరులో మొదట చూడవలసింది ఊరి శివార్లలోని బందరుకోట, తర్వాత డచ్చివారి సమాధులు. కోటలో ఇప్పుడు మిగిలినవి ఆయుధాగారపు గోడలు, గంటస్తంభం, ముళ్లకంపలు. 1759లో కర్నల్ ఫోర్డు సేనలు ఫ్రెంచివారి నుంచి పట్టుకున్న కోట ఇదేనంటే పిల్లలు నమ్మరు. సమాధుల తోటలో పెద్ద పెద్ద నల్లరాతి పలకల మీద ఉబ్బెత్తుగా చెక్కిన అక్షరాలు, వంశచిహ్నాలు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా చేతికి తగులుతాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి. వర్తకులు, వారి భార్యలు, పసిపిల్లలు. పేర్లు చదవలేకపోయినా వయసులు తెలుసుకోగలిగితే గుండె చివుక్కుమంటుంది.

ఊరిలో సెయింట్ మేరీస్ చర్చి ఉంది. అందరూ అక్కడికే తీసుకెళతారు, ఎందుకంటే దానికో ప్రేమకథ ఉంది. మేజర్ జనరల్ జాన్ పేటర్ అనే సైనికాధికారి ప్రేమించిన అరబెల్లా రాబిన్‌సన్ 1809లో చనిపోయింది. ఆమెను శ్మశానంలో పెట్టనివ్వలేదట. ఆయన ఆమె దేహం పాడవకుండా భద్రపరచి, ఆ చోటనే ఈ చర్చి కట్టించాడట. అద్దం మూత ఉన్న పెట్టె అనీ, చాలాకాలం ఆమె ముఖం కనిపించేదనీ చెప్పుకుంటారు. కథ బాగుంది, గుడి కూడా అందంగా ఉంది. కాని బందరు వెళ్లిన క్రైస్తవుడు ఈ కథ ఒక్కటే విని ఫొటో దిగి తిరిగొస్తే, ఇంటి యజమానిని పలకరించకుండా వాకిట్లో రంగవల్లి చూసి వచ్చినట్టే.

అసలు సంగతి ఇది. 1611 నుంచి ఇంగ్లిషువారు బందరులో ఉన్నారు. కొన్నారు, అమ్మారు, యుద్ధాలు చేశారు, రాజ్యం సంపాదించారు. వారికి పాదిరీలున్నారు, ఆరాధనలున్నాయి, తమకు తాము సమాధులున్నాయి. కాని తమ చుట్టూ ఉన్న తెలుగువారికి వారి భాషలో క్రీస్తును గురించి చెప్పే మిషన్ వారి సంఘం నుంచి ఈ ఊరికి రావడానికి 230 ఏళ్లు పట్టింది. కతోలిక గురువులు 17వ శతాబ్దంలోనే ఈ రేవులో ఉన్నారు. లండన్ మిషనరీ సొసైటీవారు 1805లోనే విశాఖపట్నం చేరారు. బందరులో మాత్రం కంపెనీకి బట్టల మూటలు కనిపించినంత బాగా మనుషులు కనిపించలేదు. పైగా మిషనరీలు వస్తే వర్తకం చెడుతుందని 1813 దాకా కంపెనీ వారికి తన ఏలుబడిలో సులువుగా చోటు ఇవ్వలేదు. క్రైస్తవ దేశంవారు పాలించారు కాబట్టే ఇక్కడ క్రైస్తవం వచ్చిందని తేలిగ్గా అనేసేవారికి ఈ 230 ఏళ్ల లెక్క చెప్పాలి.

1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున ఇద్దరు వచ్చారు. రాబర్ట్ నోబుల్ కేంబ్రిడ్జిలో చదివినవాడు, హెన్రీ ఫాక్స్ ఆక్స్‌ఫర్డులో చదివినవాడు. నోబుల్‌కు ముప్పై దాటాయి, ఒంటరి మనిషి. ఫాక్స్‌కు ఇరవై నాలుగేళ్లు నిండలేదు, కొత్తగా పెళ్లయింది. ఇద్దరూ పని పంచుకున్నారు. నోబుల్ బడి పెట్టి పెద్ద కులాల పిల్లలకు చదువు చెప్పాలి. ఫాక్స్ తెలుగు నేర్చుకుని బజార్లలో, సంతల్లో, పల్లెల్లో డేరా వేసుకుని సువార్త చెప్పాలి. ఆ మరుసటి ఏడాదే, 1842 జూలై 31న, కలెక్టరు హెన్రీ స్టోక్స్ ఆహ్వానం మీద అమెరికా నుంచి వచ్చిన ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరారు. ప్రత్తిపాడు చుట్టుపక్కల లూథరన్ సంఘాల కథ అక్కడ మొదలవుతుంది. అంటే కృష్ణకు ఆ ఒడ్డున, ఈ ఒడ్డున ఒకే ఏడాది తేడాలో దీపాలు వెలిగాయి.

ఫాక్స్ పని ఎలా సాగింది? లోకం లెక్కలో చూస్తే సాగలేదనే చెప్పాలి. ఎండ, జ్వరం ఆయన్ని పడగొట్టాయి. రెండేళ్లకే నీలగిరి కొండలకు వెళ్లి కోలుకోవలసి వచ్చింది. తిరిగి వచ్చి మళ్లీ డేరా ఎత్తాడు. 1845లో భార్య ఎలిజబెత్, చంటిబిడ్డ కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. మిగిలిన పిల్లల్ని ఇంగ్లండులో దించి, ఎవరూ రమ్మని బలవంతపెట్టకపోయినా ఆయన మళ్లీ బందరుకే వచ్చాడు. ఒళ్లు సహకరించలేదు. 1848లో ఇంగ్లండు తిరిగివెళ్లి ఆ ఏడాది అక్టోబరులోనే చనిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లు. ఆయన వెనక చెప్పుకోదగ్గ సంఘం లేదు, సంఖ్య లేదు, భవనం లేదు.  బందరులోనే పుట్టిన ఆయన కొడుకు హెన్రీ ఎలియట్ ఫాక్స్ పెద్దయ్యాక అదే చర్చి మిషనరీ సొసైటీకి 1895లో కార్యదర్శి అయ్యాడు. తండ్రి ఆ రోజు చూసుకోగలిగితే బాగుండేది.

నోబుల్ దారి వేరు. 1843 నవంబరులో బడి మొదలుపెట్టాడు. ఇరవై నాలుగేళ్ల సేవలో ఒక్కసారి కూడా స్వదేశం వెళ్లలేదు. పెళ్లి చేసుకోలేదు. ఇంగ్లిషు, లెక్కలతో పాటు బైబిలు తప్పనిసరి పాఠం. తొమ్మిదేళ్లు గడిచాయి. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకున్నారు. ఒకరు బ్రాహ్మణ యువకుడు మంచాల రత్నం, మరొకరు వెలమ యువకుడు ఐనాల భూషణం. ఊరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుపోయారు, బడి దాదాపు ఖాళీ అయింది. తొమ్మిదేళ్ల కష్టానికి ఫలం ఇద్దరు, దాని ఖరీదు తక్కిన బడి మొత్తం. ఆ ఇద్దరూ తమ ఇళ్లను, ఆస్తిని, తల్లి చేతి ముద్దను పోగొట్టుకున్నారు. తర్వాత ఇద్దరూ గురువులయ్యారు. పిల్లలు మెల్లగా తిరిగొచ్చారు. ఆ బడే నోబుల్ కాలేజీ అయింది. రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు అక్కడ పాఠాలు చెప్పారు. పట్టాభి సీతారామయ్యగారు అక్కడ చదివారు. అంటే క్రైస్తవులు కానివారూ ఆ బడి వెలుగులో పెరిగారు, దేశానికి పనికొచ్చారు.

1864 నవంబరు 1 రాత్రి సముద్రం లేచింది. చీకట్లో, గాలివానతో పాటు నీళ్లగోడ వచ్చి ఊరి మీద పడింది. కోట, రేవు, పేటలు అన్నీ మునిగాయి. ఊరిలో, చుట్టుపక్కల కలిపి 30,000 మంది చనిపోయారని లెక్క వేశారు. షార్కీ దంపతులు నడుపుతున్న బాలికల వసతి బడిలో ఎందరో ఆడపిల్లలు ఆ నీళ్లలో పోయారు. ఆడపిల్లకు అక్షరం ఎందుకన్న కాలంలో, ఎలా నచ్చజెప్పి తెచ్చుకున్న పిల్లలో! తెల్లవారాక శవాలను లెక్కపెట్టిన ఆ దంపతుల ప్రార్థన ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కూడా కష్టం. దేవుడు ఎందుకు ఆపలేదన్న ప్రశ్నకు బందరు సమాధానం చెప్పదు. యోబు గ్రంథం కూడా సూటిగా చెప్పదు. దివిసీమ దాటి వచ్చినవారికి ఆ సంగతి ముందే తెలుసు. నోబుల్ బతికాడు. బడి మళ్లీ తెరిచాడు. ఏడాది తిరగకముందే, 1865 అక్టోబరు 17న, బందరులోనే కన్నుమూశాడు.

నోబుల్ కాలేజీ ముందు నిలబడి మా అయ్యగారు ఈ సంగతులన్నీ చెబుతుంటే, మాతో టెంపోలో వచ్చిన ఒక పెద్దమ్మ చివరిదాకా వింది. కూలికెళ్లి మిరపకాయలు కోసే మనిషి. చీర చెంగు నడుముకు దోపుకుని, “అంతా బానే ఉంది అయ్యగారూ, ఈ బళ్లో మనోళ్ల పిల్లల్ని కూర్చోబెట్టారా?” అని అడిగింది.

అయ్యగారు దాచలేదు. “లేదమ్మా. అది పెద్ద కులాల పిల్లల కోసమే పెట్టిన బడి” అన్నారు.

“మరి మనకెవరు చెప్పారు?”

ఆ రోజు ప్రయాణంలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే అనిపించింది. పెద్ద కులాలవారు మారితే కిందివారికి వెలుగు దానంతటదే దిగుతుందని నోబుల్ నమ్మాడు. ఆ కాలంలో చాలామంది మిషనరీలు అలాగే నమ్మారు. మనిషి త్యాగంలో వంక పెట్టడానికి లేదు, లెక్క మాత్రం తప్పింది. వెలుగు పైనుంచి కిందికి దిగలేదు. అది పక్కదారిన, పొలంగట్టు మీదుగా వచ్చింది.

పగోలు వెంకయ్య నందిగామ ప్రాంతపు రాఘవాపురానికి చెందిన మాల కులస్థుడు. మొరటు మనిషి, తనవాళ్లలో నాయకుడు. రాయికీ చెక్కకూ మొక్కడం వృథా అన్న మాట ఎక్కడో చెవిన పడి, అది మనసులోంచి పోలేదు. అప్పటికి ఆయన ఏ మిషనరీనీ చూడలేదు, ఏ పుస్తకమూ చదవలేదు. మరి నిజమైన దేవుడెవరు? తనకు తెలిసిన మాటల్లోనే, పేరు తెలియని ఆ దేవుణ్ణి నీవెవరో నాకు కనిపించు అని వేడుకుంటూ ఏళ్లు గడిపాడు. ఒకసారి కృష్ణ స్నానాల పండగకు బెజవాడ వెళ్లి అక్కడా అదే అడిగాడు. అలాంటి సంగతులు ఆ బంగళాలో ఉన్న దొర చెబుతాడని ఎవరో చూపించారు. ఆ దొర థామస్ డార్లింగ్, బందరు నుంచి విస్తరించిన మిషన్‌లోని మిషనరీ. బెజవాడలో ఏళ్ల తరబడి చెప్పి చెప్పి ఫలం లేక నీరసించి ఉన్నాడు. ఎదురుచూస్తున్న ఇద్దరూ అలా కలిశారు. 1859 మార్చిలో రాఘవాపురంలో వెంకయ్య, ఆయనతోటివారు బాప్తిస్మం పొందారు. అక్కడి నుంచి కృష్ణా జిల్లా పల్లెల్లో వేలమంది విశ్వసించారు. వెంకయ్య మిషన్ జీతగాడు కాలేదు. తన పొలం తాను చూసుకుంటూనే ఊరూరా తిరిగి చెప్పాడు.

అపొస్తలుల కార్యములలో ఇలాంటి సముద్రతీరపు ఊరు ఒకటి ఉంది, యొప్పే. పేతురు అక్కడ ఎవరింట్లో దిగాడు? చర్మకారుడైన సీమోను ఇంట్లో. చచ్చిన పశువుల తోళ్లతో పనిచేసేవాణ్ణి యూదులు దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆ ఇంటి మిద్దె మీద ఆకలితో ప్రార్థన చేస్తున్నప్పుడే పేతురుకు ఆ దర్శనం వచ్చింది. దేవుడు పవిత్రం చేసినదాన్ని నువ్వు అపవిత్రమనడానికి వీల్లేదని తేలింది (10వ అధ్యాయం). మన చర్చిల్లో కొర్నేలీ సంగతి చాలాసార్లు ప్రసంగిస్తారు, సీమోను ఇంటి సంగతి గబగబా దాటేస్తారు. వాసన వచ్చే ఆ ఇంట్లో పేతురు చాలా దినాలు ఉన్నాడని లూకా ప్రత్యేకంగా రాశాడు (9:43). ఆ ఇంట్లో తిని పడుకోగలిగాడు కాబట్టే కైసరయకు వెళ్లగలిగాడని అనుకోవడంలో తప్పు లేదేమో. నేటికీ మన ఊళ్లలో మాలలకో గుడి, మాదిగలకో గుడి, రెడ్డి, కమ్మ క్రైస్తవులకో ప్రార్థన కూడిక ఉన్నచోట్ల ఈ అధ్యాయం ఎలా చదువుతున్నారో తెలుసుకోవాలని ఉంటుంది.

ఫాక్స్ విత్తింది వెంకయ్య కోశాడని తేల్చి చెప్పడానికి రుజువు ఏమీ లేదు. వారిద్దరూ ఒకరినొకరు చూసింది లేదు. ఫాక్స్ పోయిన పదకొండేళ్లకు రాఘవాపురంలో బాప్తిస్మం జరిగింది. కాని బందరులో ఆ మిషన్ నిలబడి ఉండకపోతే బెజవాడలో ఆ బంగళా లేదు. ఒకడు విత్తితే మరొకడు కోయడం గురించి ప్రభువు సమరయలో బావి దగ్గర శిష్యులతో అన్నది (యోహాను 4:37) ఇలాంటి పొలాల గురించే. విత్తినవాడికీ కోసినవాడికీ పరిచయం ఉండాలన్న షరతు ఆయన పెట్టలేదు.

సాయంత్రానికి మంగినపూడి చేరండి. మిగతా తీరాల్లా కాదు, ఇక్కడ కాళ్లకు తగిలేది నల్లమట్టి. మా పిల్లలు దాన్ని చేత్తో తీసి “మన చేలో మట్టే” అన్నారు. లోతు లేనట్టు కనిపిస్తుంది, నమ్మకండి. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మరునాడు, ఆదివారం, పైగా పౌర్ణమి. స్నానాలకు వచ్చినవారితో తీరం నిండి ఉన్న వేళ సునామీ వచ్చిపడింది. జాలర్లు ఎక్కడ దిగొచ్చని చెబితే అక్కడే దిగండి. తూరు పట్టణంలో పౌలును సాగనంపడానికి సంఘమంతా భార్యాపిల్లలతో సహా సముద్రపు ఒడ్డుకు వచ్చి మోకాళ్లూని ప్రార్థన చేసింది (అపొ. 21:5). అలాంటి ప్రార్థన ఒకటి ఇక్కడ చేయొచ్చు, మైకు అక్కరలేదు. 2023లో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. బందరుకు ఓడలు మళ్లీ వస్తాయని ఊరివారు ఆశగా ఉన్నారు. ఈసారి ఏమి దిగుతుందో చూడాలి.

తిరుగు ప్రయాణంలో బందరు లడ్డు కొనని బండి ఉండదు. రెండో రోజు వీలైతే విజయవాడ మీదుగా వచ్చి, హైదరాబాదు రోడ్డున నందిగామ వైపు తిరిగి రాఘవాపురం చూడండి. అద్దం పెట్టె, ప్రేమకథ అక్కడ ఉండవు. మేము వెళ్లిన రోజున చీకటి పడింది, డ్రైవరు మర్నాడు ఇంకో కిరాయి ఒప్పుకున్నానన్నాడు. కాబట్టి అటు తిరగలేదు. పెద్దమ్మ మాత్రం కృష్ణ దాటుతుండగానే కొంగుముడి విప్పి, వచ్చే ఏడాది రాఘవాపురం ప్రయాణానికని అయ్యగారి చేతిలో రెండు వందల నోటు పెట్టింది.